14 గడపల ఊరికి రోడ్డు రాదా?

ప్రశ్న: మా పుట్టిల్లు అనంతగిరి మండలంలో కొండ మీద ఒక గూడెం. 14 గడపలు. పెళ్లయ్యాక నేను పెందుర్తిలో ఉంటున్నాను. మావాళ్లు పంచాయతీ ఆఫీసుకి రావాలంటే గెడ్డ దాటి రెండు కొండలు దిగాలి. రోడ్డు అడిగినప్పుడల్లా 'మీ ఊళ్లో జనాభా లేదు, పైగా ఫారెస్టు' అంటున్నారట. నిజంగా రూలు అలాగే ఉందా? మా తమ్ముడి భార్యకి ఇప్పుడు ఆరో నెల, అదొక టెన్షన్.
– ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: అమ్మా, ముందు మీ మరదలి సంగతి చూడండి. ఈ మూడు నెలల్లో రోడ్డు రాదు. ఎనిమిదో నెల దాటకముందే ఆమెని కిందికి తీసుకొచ్చేయండి. మీ ఇంట్లో ఉంచుకోగలిగితే సరే, లేదంటే ఏజెన్సీలో గర్భిణుల వసతి గృహాలు ఉన్నాయి, కాన్పు తేదీకి ముందే వెళ్లి ఉండొచ్చు, ఆశా కార్యకర్తని ఇవాళే అడగమనండి. నొప్పులు మొదలయ్యాక డోలీ కడదాంలే అనుకోవద్దు, గెడ్డ పొంగితే డోలీ కూడా దాటదు.

ఇక రూలు. మీవాళ్లకి చెప్పింది సగమే నిజం. ఊళ్లకి రోడ్లు వేసే కేంద్ర పథకం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానంలో అయితే 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊళ్లకి రోడ్డు అని పెట్టుకున్నారు. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్‌లో కోందు, పరెంగి పోర్జ, గుటోబ్ గదబ లాంటి ఆదిమ తెగల ఊళ్లకి దాన్ని 100కి దించారు. 14 గడపలంటే 60, 70 మంది ఉంటారేమో, దానికీ అందరు. కానీ సడక్ యోజన మార్గదర్శకాల్లోనే ఇంకో మాట ఉంది, కొండ ప్రాంతాల్లో ఒకటిన్నర కిలోమీటరు నడక దూరంలో ఉన్న ఊళ్ల జనాభాని కలిపి లెక్కేయొచ్చని. మీ గూడెం పక్కన ఇంకో గూడెం ఉంటే రెండిటికీ కలిపి ఒకటే అర్జీ పెట్టించండి. విడివిడిగా పెడితే రెండూ పక్కన పడతాయి.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ప్రతి చోటా తలలే లెక్కపెడతారు, దూరాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థలకి సూచించిన గ్రాంటు పంపకంలో కూడా జనాభాకి 90 వంతులు, విస్తీర్ణానికి 10 వంతులు. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022లో ఏర్పడినప్పుడు 12 వేల చదరపు కిలోమీటర్లకి పైగా ఉండేది, 2011 లెక్కల ప్రకారం జనం తొమ్మిదిన్నర లక్షలు, అంటే చదరపు కిలోమీటరుకి 80 మంది కూడా లేరు. మన విశాఖ జిల్లాలో 18 వందల పైమాటే. ఒకే కొలతతో ఇద్దరికీ ఎలా పంచుతారు?

ఒకసారి ఒక ఏఎన్‌ఎంతో కలిసి అలాంటి గూడేనికి నడిచాను. భుజానికి టీకాల డబ్బా, అందులో ఐస్ కరిగిపోకముందే చేరాలని ఆమె ఎక్కడా కూర్చోలేదు, చెప్పులు చేత పట్టుకుని గెడ్డ దాటింది. పొద్దున ఏడింటికి బయల్దేరితే వెనక్కి వచ్చేసరికి సాయంత్రం. ఆ రోజు ఆరుగురు పిల్లలకి సూదులు వేసింది. రిజిస్టర్‌లో '6' అని రాసుకుంది. అదే విశాఖ నగరంలో, మధురవాడలో అయితే గంటలో అయిపోయే పని కదా అన్నాను. నవ్వి, నడిచిన దానికి ఇందులో గడి లేదండి అంది.

ఫారెస్టు అన్న మాటకి మాత్రం భయపడకండి. అటవీ హక్కుల చట్టం, 2006లో సెక్షన్ 3(2) అని ఉంది. బడి, అంగన్‌వాడీ, మంచినీళ్ల పైపులు, రోడ్డు లాంటి 13 రకాల పనులకి అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చేయాలి. ఆ సిఫారసు కాగితం లేకే చాలా దరఖాస్తులు నిలిచిపోతాయి. గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసులో జరిగేదే అనుకోకండి, 1996 నాటి పీసా చట్టం ప్రకారం షెడ్యూలు ప్రాంతంలో, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గుర్తించిన గిరిజన ప్రాంతంలో, ఒక గూడెం కూడా తన కట్టుబాట్లతో నడిచే గ్రామమే, దానికి సొంత గ్రామసభ ఉంటుంది. మీ 14 గడపలవాళ్లు చింతచెట్టు కింద కూర్చుని తీర్మానం రాసుకోవచ్చు. తేదీ వేసి, అందరి సంతకాలు, వేలిముద్రలు తీసుకుని, ఒక కాపీ మీ దగ్గర పెందుర్తిలో దాచండి.

ప్రశ్న: పది ఇళ్ల కోసం కొండ మీదికి రోడ్డు, కరెంటు, నీళ్లు ఇవ్వడం కన్నా వాళ్లనే కిందికి తెచ్చి ఇళ్లు కట్టిస్తే చౌక కదండీ?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: చాలామంది ఇలాగే అనుకుంటారు గానీ నేను ఒప్పుకోను. ఇల్లు ఇస్తారు సరే, బతుకుతెరువు ఎవరిస్తారు? కొండ మీద వాళ్లకి సిల్వర్ ఓక్ నీడన కాఫీ ఉంది, చెట్లకి పాకించిన మిరియాలు ఉన్నాయి, వాలులో రాజ్మా, పసుపు, చోళ్లు పండుతాయి. కాఫీ మొక్క కాపుకి రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, దాన్ని వదిలేసి రమ్మంటే ఎలా వస్తారు? 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీ ఈ కొండలవాళ్ల చేతుల్లోదే. ఇంకో సంగతి, మన నగరానికి నీళ్లిచ్చే తాటిపూడి జలాశయం గోస్తనీ నది మీద ఉంది, ఆ గోస్తనీ పుట్టేది అనంతగిరి కొండల్లో. ఆ కొండల్ని కాచుకుని ఉన్నవాళ్ల ఊరికి రోడ్డు వేయడాన్ని దండగ ఖర్చు అనగలమా? పైగా షెడ్యూలు ప్రాంతం దాటి కిందికి దిగితే భూమికి ఉన్న రక్షణ కూడా పోతుంది. కింది ఉత్తరం అదే చెబుతోంది.

ప్రశ్న: మా గూడెంలో అందరం కోందులమే. అయినా మా భూములకి 1/70 చట్టం, అదే గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా ఆపేది, లేదంటున్నారు. ఎందుకు?
– ఒక పాఠకుడు, రావికమతం మండలం

జవాబు: మీ గూడెం ఐదో షెడ్యూలు హద్దుకి బయట ఉంది బాబూ. 1/70 అయినా, పీసా అయినా ఆ హద్దు లోపలే పనిచేస్తాయి. మనిషి గిరిజనుడే అయినా ఊరు షెడ్యూలులో లేకపోతే వర్తించవు. మీ చుట్టుపక్కల మండలాల్లో ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి, వాటిని షెడ్యూలులో చేర్చాలని అడుగుతూనే ఉన్నారు, ఆ అడగడం న్యాయమే. ఈలోగా మీకు అటవీ హక్కుల చట్టం ఉంది, దానికి షెడ్యూలుతో పని లేదు. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి అటవీ భూమిలో పోడు చేస్తుంటే గ్రామసభ ద్వారా పట్టాకి దరఖాస్తు పెట్టుకోండి, రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి. గ్రామసభ తీర్మానం మీకు వ్యతిరేకంగా వస్తే 60 రోజుల్లోగా సబ్ డివిజన్ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు.