దూరం ఒకటి, అక్షరాలు రెండు

ప్రశ్న: నా వయసు 54. కుడి కంటికి –1.00, ఎడమ కంటికి –4.00, యాడ్ (చదవడానికి అదనంగా కలిపే పవర్) +2.25. కుడి కన్ను కాస్త పైకి ఉంటుందని కుడి లెన్స్‌కు 2 ప్రిజమ్ (కనిపించే బొమ్మను పక్కకు జరిపే లెన్స్ గుణం) బేస్ డౌన్ (మందమైన వైపు కిందికి), ఎడమ లెన్స్‌కు 2 బేస్ అప్ (మందమైన వైపు పైకి) రాశారు. దూరానికి ఒకటి, చదవడానికి ఒకటి విడిగా వాడినన్నాళ్లూ ఇబ్బంది లేదు. ప్రోగ్రెసివ్‌కి (దూరం, దగ్గర రెండూ చూసే ఒకే లెన్స్) మారాక దూరం బాగానే ఉంది గానీ, చదవబోతే ఒక వరస మీద ఇంకో వరస కనిపిస్తోంది. లెన్స్ పవర్ కొలిచే లెన్సోమీటరులో కుడివైపు 3.5 బేస్ డౌన్, ఎడమవైపు 0.5 బేస్ అప్ వస్తోందని షాపువాళ్లు లెన్సులు తయారీదారుకు తిప్పి పంపారు. మళ్లీ అవే అంకెలతో వచ్చాయి. తప్పెక్కడ?

జవాబు: ఆ అంకెలు సరైనవే. ప్రోగ్రెసివ్ లెన్స్ పలచగా రావడానికి తయారీలో రెండింటికీ సమానంగా బేస్ డౌన్ ప్రిజమ్ కలుపుతుంటారు, సుమారుగా యాడ్‌లో మూడింట రెండు వంతులు. మీ 2.25కి అది 1.5. కుడివైపు 2కి 1.5 కలిస్తే 3.5. ఎడమవైపు 2 అప్‌లోంచి 1.5 పోతే 0.5 అప్. రెండింటి మధ్య తేడా 4 అలాగే ఉంది, కళ్లకు కావలసింది ఆ తేడాయే. ఒక్కో లెన్స్‌ను విడిగా చూసి తప్పు అనడం చాలాచోట్ల జరిగే పొరపాటు. కొలత కూడా లెన్స్‌పై 34 మి.మీ. దూరంలో చెక్కిన రెండు సన్నటి గుర్తులకు సరిగ్గా మధ్య తీయాలి, దానికి పైనుండే ఫిట్టింగ్ క్రాస్ (కంటిపాపకు ఎదురుగా రావలసిన గుర్తు) దగ్గర కాదు.

అసలు చిక్కు మీ రెండు కళ్ల పవర్ల తేడాలో ఉంది. లెన్స్ కేంద్రం నుంచి ఎన్ని సెంటీమీటర్లు పక్కకు చూస్తే, దాన్ని పవర్‌తో హెచ్చవేసినంత ప్రిజమ్ పుడుతుంది. చదివేటప్పుడు చూపు 10 మి.మీ. కిందికి దిగిందనుకోండి. ఎడమవైపు 4 బేస్ డౌన్, కుడివైపు 1 బేస్ డౌన్ పుడతాయి. అంటే 3 ప్రిజమ్ తేడా, అదీ మీకు రాసిన దానికి ఎదురుగా. రాసిన 4లో చదివే చోట మిగిలేది 1. విడి జోడుతో మీరు తల వంచి కేంద్రంలోంచి చదివేవారు కాబట్టి ఇది బయటపడలేదు.

రూఢి చేసుకోవడం సులువు. పాత చదువుకునే జోడు పెట్టుకుని, తల నిటారుగా ఉంచి, లెన్స్ అడుగు భాగంలోంచి చదవండి. వరసలు విడిపోతే, తల కదపకుండా జోడును ముక్కు మీద కిందికి జార్చి మధ్యలోంచి చూడండి. ఒకటైతే తప్పు లెన్స్‌ది. అప్పుడూ రెండుగానే ఉంటే, కిందికి చూసినప్పుడు మీ రెండు కళ్ల ఎత్తులో తేడాయే పెరుగుతోంది. దాన్ని డాక్టరు ఆ చూపులోనే కొలవాలి.

లెన్స్‌దే అయితే ఎడమ లెన్స్ కింది భాగంలో 3 బేస్ అప్ స్లాబ్-ఆఫ్ (ఆ భాగంలో మాత్రమే ప్రిజమ్ వచ్చేలా చెక్కడం) చేయించవచ్చు. సన్నటి అడ్డగీత కనిపిస్తుంది, అలవాటవుతుంది. పొట్టి కారిడార్ (లెన్స్‌లో దూరం చూసే చోటు నుంచి చదివే చోటికి దిగే దారి) డిజైన్ కొంతే ఆదుకుంటుంది: మీకు మి.మీ.కి 0.3 ప్రిజమ్ చొప్పున తగ్గుతుంది, 3 మి.మీ. ఆదా అయినా 0.9 మాత్రమే. గంటల తరబడి చదివేవారైతే విడి జోడుకు మళ్లడమే నయం, అందులో ఓటమేమీ లేదు.

కొత్తగా చేయిస్తే ఫిట్టింగ్ ఎత్తు కూడా సర్దమనండి. కన్ను బేస్‌కు ఎదురు దిక్కుకు తిరుగుతుంది, ఒక ప్రిజమ్‌కు సుమారు 0.3 మి.మీ. కాబట్టి కుడి క్రాస్ 0.6 మి.మీ. పైకి, ఎడమది 0.6 కిందికి.

ప్రశ్న: ప్రిజమ్ ఉన్న పాలికార్బొనేట్ లెన్సుల్లో దీపాల చుట్టూ నీలం, పసుపు అంచులు కనిపిస్తున్నాయి. పవర్ తప్పా?

జవాబు: పవర్ కాదు, పదార్థం. రంగులు విడిపోవడం తక్కువగా ఉండాలంటే ఆబే సంఖ్య ఎక్కువగా ఉండాలి. పాలికార్బొనేట్‌కు అది సుమారు 30, మామూలు ప్లాస్టిక్ లెన్స్ సీఆర్-39కి 58. అంటే సీఆర్-39లో అదే ప్రిజమ్‌కు అంచులు దాదాపు సగానికి తగ్గుతాయి, లెన్స్ కొంచెం మందమవుతుంది. దెబ్బలకు తట్టుకోవాలంటే ట్రైవెక్స్ అనే ఇంకో ప్లాస్టిక్ మధ్యస్థం.

ప్రశ్న: ఒక కన్ను మూసినా రెండుగానే కనిపిస్తోంది. ప్రిజమ్ పెంచాలా?

జవాబు: వద్దు. ప్రిజమ్ పనిచేసేది రెండు కళ్ల మధ్య తేడా మీదే. మీది సిలిండర్ పవర్, శుక్లం లేదా కన్ను పొడిబారడం కావచ్చు, ముందు అవి చూపించుకోండి. రెండు కళ్లూ తెరిచినప్పుడు ఉన్నట్టుండి రెండుగా కనిపించడం మొదలై, తలనొప్పి, రెప్ప వాలడం తోడైతే మాత్రం కళ్లజోడు సంగతి పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.