ఒకటి, రెండు తరగతుల గదిలో: మేనకోడలికి ఉత్తరం

గుంటూరు,
డిసెంబరు

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. డీఎస్సీ 2025లో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా ఎంపికై, ఒకటి, రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని చెప్పవలసిన బడిలో చేరావనీ, పాఠ్యపుస్తకం సగం దాటినా పిల్లల్లో చాలామంది ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటూనే ఉన్నారనీ రాశావు. వాళ్ల చేత ఏ ఆటలు ఆడించాలో, ఏ కృత్యాలు చేయించాలో చెప్పమని అడిగావు. తప్పకుండా చెబుతాను. అయితే వాటికంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. నీ గదిలోని ప్రతి బిడ్డా ఎంతవరకు వచ్చి, సరిగ్గా ఎక్కడ ఆగిపోయిందో నీకు తెలియాలి. అది తెలియకుండా చేయించే కృత్యం ఎంత అందంగా ఉన్నా కాలక్షేపంగానే మిగులుతుంది.

ఇందుకు పెద్ద పరీక్షలేమీ అక్కరలేదు. ఒక కాగితం మీద పై వరుసలో పది అక్షరాలు, దాని కింద తలకట్టు అక్షరాలతోనే ఏర్పడే చిన్న పదాలు, ఆ కింద గుణింతాలున్న పదాలు, తర్వాత ఒత్తులున్న రెండు వాక్యాలు, చివర నాలుగు వాక్యాల చిన్న కథ రాసుకో. మిగిలిన పిల్లలకు బొమ్మ గీసే పని అప్పగించి, ఒక్కొక్కరినీ వరండాలో నీ పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాగితం చదివించు. ఎక్కడ తడబడ్డారో అక్కడ ఆపించి, మెచ్చుకుని పంపించు. తప్పును ఆ క్షణంలో సరిదిద్దకు, మార్కులు వేయకు. ఒక నోటు పుస్తకంలో బిడ్డకో పేజీ కేటాయించి, ఏ పదాన్ని ఏమని చదివిందో ఉన్నదున్నట్లు రాసుకో. ‘చదవలేదు’ అని రాసుకుంటే నీకు ఉపయోగం ఉండదు. ‘ఆవు అన్న పదాన్ని ఆమ అని చదివింది’ అని రాసుకుంటే మర్నాడు ఏం చెప్పాలో ఆ వాక్యమే చెబుతుంది.

ఆ తర్వాత రోజుకొక గంటసేపు తరగతి భేదం పక్కనపెట్టి, ఆగిపోయిన చోటును బట్టి పిల్లలను మూడు జట్లుగా కూర్చోబెట్టు. జట్లకు పూల పేర్లు, పక్షుల పేర్లు పెడితే వెనకబడిన వాళ్లకు చిన్నతనం ఉండదని కొందరు అనుకుంటారు. ఏ పువ్వు ఏ స్థాయో పిల్లలు రెండు రోజుల్లోనే గ్రహిస్తారు. అందువల్ల పేర్ల సంగతి ఆలోచించకుండా, వెనకబడిన జట్టు దగ్గరికే నువ్వు ముందుగా వెళ్లి కూర్చో. పదిహేను రోజులకొకసారి మళ్లీ చదివించి జట్లు మార్చు. జట్టు మారగలమని కళ్లారా చూసిన బిడ్డకు సిగ్గు దానంతటదే తగ్గుతుంది.

ఇక అక్షరాల సంగతి. అచ్చులన్నీ అయ్యాక హల్లులు, అవన్నీ అయ్యాక పదాలు అన్న వరుస పట్టుకుంటే పిల్లలకు మొదటి పదం చదివే సంతోషం నెలల తరబడి అందదు. ప, డ, వ, క, ల, త అనే ఆరు అక్షరాలతో మొదలుపెట్టి చూడు. పడవ, కడవ, పలక, కలప, తడక, పడక, తల, వల, కల, వడ: ఈ ఆరింటితోనే ఇన్ని పదాలు వస్తాయి, అన్నీ పిల్లలు ఎరిగినవే. ఇంట్లో మూలపడి ఉన్న పెళ్లి శుభలేఖల వెనక వైపు ఒక్కో అక్షరాన్ని పెద్దగా రాసి, ముగ్గురు పిల్లల చేతికి మూడు అట్టలిచ్చి నిలబెట్టు. ‘పడవ’ చదివించాక ప పట్టుకున్న బిడ్డను కూర్చోమని, ఆ చోటికి క పట్టుకున్న బిడ్డను పిలువు. పడవ కడవగా మారిపోవడం చూసి వాళ్లు పొందే ఆశ్చర్యం నువ్వే చూస్తావు. రెండో వారానికి అట్టలు వాళ్ల చేతికే ఇచ్చేసి కొత్త పదాలు చేయమను.

గుణింతం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ‘క కా కి కీ’ అని తరగతి మొత్తం రాగయుక్తంగా వల్లిస్తుంటే గుణింతం వచ్చేసిందనిపిస్తుంది. అదే వరుసను కింది నుంచి పైకి, లేదా మధ్యలో ఏదో ఒక అక్షరం మీద వేలుపెట్టి అడిగితే ఎంతమందికి వచ్చిందో తెలుస్తుంది. రాగం నోటికి వచ్చినంత సులువుగా గుర్తు కంటికి రాదు. కాబట్టి ఒక హల్లుకు అన్ని గుర్తులూ చెప్పే బదులు, ఒక్క గుర్తును తెలిసిన హల్లులన్నింటికీ పెట్టించు. దీర్ఘం ఒక్కటి నేర్పితే చాలు, పాప, తాత, పాక, వాడ, కాడ వచ్చేస్తాయి. అది గట్టిపడ్డాకే గుడి, ఆ తర్వాతే కొమ్ము. కొమ్ము దగ్గర మాత్రం నిదానించు. వ అక్షరానికి పక్కన కొమ్ము తగిలిస్తే అది మ రూపానికి వస్తుంది. అందుకే ‘వు’లో, ‘పు’లో కొమ్మును కిందికి దించి రాస్తాం. ఈ తేడాను నల్లబల్ల మీద పెద్దగా రాసి చూపించకపోతే ఆవును ఆమ అని చదివే పిల్లలు ఏళ్ల తరబడి అలాగే చదువుతారు.

రెండో తరగతిలో ఎక్కువమంది ఆగిపోయేది ఒత్తుల దగ్గర. చాలా ఒత్తులు తమ హల్లును పోలి ఉంటాయి కనుక పిల్లలు వాటిని ఊహించుకోగలరు. త, న, మ, య, ర, ల అనే ఆరింటి ఒత్తులు మాత్రం ఆ హల్లుల పోలికకు దూరంగా ఉంటాయి. ముందు వాటినే చెప్పు. అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల అనే ఆరు మాటలను గోడ మీద శాశ్వతంగా రాసి ఉంచితే, ఎక్కడ ఒత్తు గుర్తుకు రాకపోయినా బిడ్డ తల తిప్పి గోడ చూసుకుంటుంది. ఆరు అట్టల మీద హల్లులు, ఆరు అట్టల మీద ఒత్తులు రాసి బోర్లించి, జతలు వెతికే ఆట ఆడించు.

అయితే ఒత్తు ఆకారం తెలిసిన బిడ్డ కూడా ‘పిల్లి’ని ‘పిలిల’ అని, ‘ఇల్లు’ను ‘ఇలుల’ అని చదవడం నువ్వు గమనిస్తావు. అది మందబుద్ధి కాదు, నిర్లక్ష్యమూ కాదు. గుడి గుర్తు, పైనున్న ల మీద కనిపిస్తోంది కనుక దాన్ని ముందు పలికి, కింది ఒత్తును తర్వాత పలుకుతున్నది. చూసినదాన్ని చూసినట్లే చదువుతున్నది. గుర్తు పై అక్షరం మీద ఉన్నా దాని శబ్దం ఒత్తు తర్వాతే వస్తుందన్న సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా! ముందు పుస్తకం మూయించి, ‘పిల్’ అన్నప్పుడు ఒక చప్పట్లు, ‘లి’ అన్నప్పుడు ఒక చప్పట్లు కొట్టించు. నోటికీ చెవికీ అలవాటయ్యాక రాత చూపించి, పై అక్షరం, ఒత్తు, ఆ తర్వాత గుడి అనే క్రమంలో వేలు నడిపించు. బల్లి, కళ్లు, పువ్వు, నక్క, గిన్నె ఇలాగే చేయించు. పది రోజులు రోజూ పది నిమిషాలు ఇస్తే ఈ చిక్కు విడిపోతుంది.

ఉదయం ప్రార్థన కాగానే ‘ఈరోజు వార్త’ అనే పని పెట్టుకో. ఒక బిడ్డ లేచి తన ఇంటి సంగతి ఒకటి చెబుతుంది. దాన్ని ఆ బిడ్డ మాటల్లోనే నల్లబల్ల మీద రాయి. ‘మా నాయనమ్మ కల్లంలో మిరపకాయలు ఆరబోసింది’ అంటే అలాగే రాయాలి, పుస్తకాల భాషలోకి మార్చకూడదు. తాను చెప్పిన వాక్యం కనుక అక్షరాలు పూర్తిగా రాకపోయినా ఆ బిడ్డ దాన్ని చదువుతుంది. మిగిలిన వాళ్లు స్నేహితుల ఇంటి సంగతి కనుక ఆసక్తిగా చదువుతారు. సాయంత్రం ఒక పెద్ద జట్టు పిల్లవాడి చేత ఆ వాక్యాన్ని ఒక పుస్తకంలో ఎక్కించి, పక్కన బొమ్మ వేయించు. నెల తిరిగేసరికి నీ తరగతికి సొంత వాచకం తయారవుతుంది. నా సర్వీసులో ఇంతకంటే ఎక్కువ ఫలితమిచ్చిన కృత్యం మరొకటి లేదని నమ్మకంగా చెప్పగలను.

లెక్కలకు కొబ్బరి ఈనెలు చాలు. వాటిని వేలెడు ముక్కలుగా తుంచి, పదేసి ముక్కలకు రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించు. కట్టలు కట్టే పనిని నువ్వు చేయకు. పది అన్న భావం వాళ్ల వేళ్లకు తెలిసేది అక్కడే. 42లోంచి 17 తీసేయమంటే రెండో తరగతిలో కొందరు 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి రెండు తీసేసి ఊరుకున్నారన్నమాట. ‘పక్కింట్లో అప్పు తెచ్చుకో’ అని ఎన్నిసార్లు చెప్పినా ఆ తప్పు పోదు. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి, పదిహేడు పుల్లలు నాకు ఇవ్వమని చెయ్యి చాచు. బిడ్డ ఒక కట్ట ఇస్తుంది, రెండు పుల్లలు ఇస్తుంది, ఇంకా ఐదు కావాలంటే తడుముకుంటుంది. నువ్వు నోరు విప్పకు. కాసేపటికి తానే ఒక కట్ట విప్పుతుంది. మిగిలిన రెండు కట్టలు, ఐదు పుల్లలు లెక్కపెట్టి ఇరవై ఐదు అంటుంది. వారం రోజులు ఇలా పుల్లలతోనే సాగాక పలక మీద రాయించు.

పుస్తకంలో లెక్కల పాఠాలు తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ ఉంటాయి కదా. సంఖ్యలను ముందు తెలుగులోనే గట్టిపరచు. ‘థర్టీన్’, ‘థర్టీ’ చిన్న చెవులకు ఒకేలా వినిపించి 13కు 30 రాసే పిల్లలు పదమూడు, ముప్ఫై అంటే తికమకపడరు. శనివారం మధ్యాహ్నం అష్టాచెమ్మా ఆడించు. ఒక వైపు అరగదీసిన చింతపిక్కలు నాలుగు, సుద్దముక్కతో గీసిన గడులు ఉంటే సరిపోతుంది. పిక్కలు వేసి, పడిన పందెం చూసి గడులు లెక్కపెట్టుకుంటూ కాయ జరిపే బిడ్డ, వేళ్లు ముడవకుండా కూడిక నేర్చుకుంటున్నది. వామనగుంటలు కూడా మంచి ఆటే, సమానంగా పంచడం దానితో బాగా వస్తుంది.

తరగతి అదుపు గురించి కూడా అడిగావు. బెత్తం మాట తలపెట్టవద్దు. విద్యాహక్కు చట్టం 2009 శారీరక దండననూ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, అది న్యాయం కూడా. గదిలో గోల ఎక్కువైనప్పుడు నువ్వు గొంతు పెంచితే వాళ్లూ పెంచుతారు. ఒక లయలో చప్పట్లు కొట్టు, పిల్లలు అదే లయలో బదులు కొట్టేలా అలవాటు చేయి. మూడోసారికి గది సద్దుమణుగుతుంది, నీ గొంతూ నిలుస్తుంది.

ఆ చట్టమే ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు అని నిర్దేశించింది. అంటే రోజుకు నాలుగు గంటలు. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం వివరాలు, పైనుంచి అడిగే నివేదికలు అన్నీ చేయవలసినవే, కాదనను. కానీ వాటికి రోజుకొక గంట పోతే పిల్లల చదువులో నాలుగో వంతు పోయినట్లే. హాజరు వేశాక మొదటి గంటలో ఫోను ముట్టుకోకుండా నియమం పెట్టుకో. మిగతా పనులు విరామంలోనో, సాయంత్రమో చూసుకోవచ్చు.

ఇప్పుడు నీకు దగ్గరలో రాబోతున్న విషయం. సంక్రాంతి దాటగానే మిరప కోతలు ఊపందుకుంటాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కూలి కుటుంబాలు మన పల్లెలకు వచ్చి, ఏప్రిల్ దాకా గుడిసెలు వేసుకుని ఉంటాయి. పెద్దలు తెల్లవారకముందే చేనికి వెళ్తే, చదువుకోవలసిన పిల్లలు చంటిబిడ్డలను ఎత్తుకుని చేనుగట్టున కూర్చుంటారు. ఎవరో వచ్చి చేర్పిస్తారని ఎదురుచూడకుండా, సాయంత్రం కూలీలు తిరిగివచ్చే వేళకు నువ్వే గుడిసెల దగ్గరికి వెళ్లు. టీసీ రాలేదని చేర్చుకోవడం ఆపకూడదనీ, వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదనీ చట్టంలో స్పష్టంగా ఉంది. మీ ప్రధానోపాధ్యాయులు సందేహిస్తే వినయంగా గుర్తుచేయి. వచ్చిన పిల్లల మాటతీరు వేరుగా ఉంటుంది, కొందరి ఇళ్లలో కన్నడం కలిసి ఉంటుంది. ‘యాడికి’ అన్నందుకు ఒక్క బిడ్డ నవ్వినా ఆ పూటే మందలించు, లేకపోతే వాళ్లు మర్నాడు రారు. ‘ఈరోజు వార్త’లో మొదటి వారమంతా వాళ్ల ఊరి సంగతులే చెప్పించు. వాళ్లు నీ దగ్గర ఉండేది మూడు నెలలే కనుక పాఠ్యపుస్తకంలో ఎక్కడున్నామన్న లెక్క వాళ్లకు వర్తింపజేయకు. వరండా కాగితంతో మొదలుపెట్టి, ఆగిన చోటు నుంచి ఎంత దూరం వీలైతే అంత దూరం తీసుకువెళ్లు. తిరిగి వెళ్లేటప్పుడు ఏం నేర్చుకున్నారో ఒక కాగితం మీద రాసి, అక్కడి పంతులుగారికి ఇమ్మని తల్లి చేతికివ్వు.

కాబట్టి పండుగ సెలవులకు ముందే అట్టల కట్టలు, ఈనెల కట్టలు రెండేసి జతలు అదనంగా సిద్ధం చేసుకో. సెలవులకు ఇక్కడికి వస్తావు కదా, బిడ్డకో పేజీ రాసుకున్న ఆ నోటు పుస్తకం మరచిపోకుండా తెచ్చుకో. ఎవరెవరు ఎక్కడ ఆగారో ఇద్దరం కలిసి చూసి, జనవరిలో ఎవరితో ఏం మొదలుపెట్టాలో రాసుకుందాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య