నీలం తెర అడిగిందేమిటంటే

ప్రశ్న: సార్, సూర్యాపేటలో నాది చిన్న ఫోటో స్టూడియో. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే సిస్టమ్‌లో (ఐ3-10100ఎఫ్, జీటీఎక్స్ 1650 కార్డు) విండోస్ పక్కనే లినక్స్ మింట్ 21.3 వేసుకున్నాను. మొన్న డ్రైవర్ మేనేజర్‌లోంచి ఎన్విడియా డ్రైవర్ ఎక్కించాను. మధ్యలో ఏదో పాస్‌వర్డ్ పెట్టమంటే పెట్టాను. రీస్టార్ట్ చేస్తే నీలం తెర మీద ఇంగ్లిష్‌లో ఏదో మెనూ వచ్చింది. భయమేసి అన్నిటికంటే పైనున్నదాని మీద ఎంటర్ కొట్టేశాను. అప్పటినుంచి మింట్ లోగో వచ్చి పోతుంది, తర్వాత అంతా నలుపే, ఎడమ మూలన ఒక గీత మిణుకుమంటుంటుంది. మా బావమరిది ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నాడు. కాపీ తీయని పెళ్లి ఫుటేజీ అందులోనే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ బావమరిదిని సిస్టమ్ దగ్గర్నుంచి లేపండి. మీ ఫుటేజీకి ఏమీ కాలేదు. మనసు ఊరుకోకపోతే మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ గుర్తు జోలికి పోకుండా, ఫుటేజీని బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోండి.

జబ్బు మీ ఉత్తరంలోనే దొరికింది: ఆ నీలం తెర. 2021లో నేనూ అక్కడే బోల్తా పడ్డాను. డిస్కు చెరిపేస్తానంటోందేమోనని హడలిపోయి 'కంటిన్యూ బూట్' కొట్టాను. తర్వాత రెండుసార్లు లినక్స్ మొత్తం మళ్లీ ఎక్కించాను. మూడోసారి గానీ ఆ తెర మీది అక్షరాలు చదవలేదు!

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే కాపలా) ఆన్‌లో ఉంటే, తను నమ్మే డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ని కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, లోపలికి రానివ్వదు. మీ డ్రైవర్ మీ సిస్టమ్‌లోనే తయారై, అక్కడే పుట్టిన తాళంచెవితో సంతకం పెట్టించుకుంది. ఆ తాళంచెవిని నమ్మమంటావా అని నీలం తెర అడిగింది, మీరు జవాబివ్వకుండా దాటేశారు. ఇటు చూస్తే, ఎన్విడియా డ్రైవర్ వస్తూనే అంతవరకూ బొమ్మ చూపించిన, లినక్స్‌తోపాటే వచ్చే నూవో డ్రైవర్‌ని పక్కన పెట్టించేస్తుంది. పాతవాణ్ణి పంపేశారు, కొత్తవాణ్ణి గేటు దగ్గర ఆపేశారు. పోనీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉన్నాయా అంటే, పేరు చివరి 'ఎఫ్'కి అర్థం అవి లేవనే.

ఇలాంటప్పుడు ఎవరిని అడిగినా బూట్ ఆప్షన్లలో 'నోమోడ్‌సెట్' (గ్రాఫిక్స్ డ్రైవర్‌ని తెర జోలికి పోవద్దనే మాట) పెట్టు అంటారు. నూవో మొరాయించినప్పుడు అది మంచి మందే, మీ జబ్బుకి మాత్రం కాదు.

నల్లతెర మీద కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. లాగిన్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనబడదు, కంగారు పడకండి. లోపలికి వెళ్లాక 'సుడో మాడ్‌ప్రోబ్ ఎన్విడియా' అని కొట్టండి (ఇంగ్లిష్ అక్షరాల్లోనే సుమా). 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వస్తే నేను చెప్పింది ఖాయం. అప్పుడు 'సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ' కొట్టండి. మళ్లీ పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ఎనిమిది చిన్న అక్షరాలు చాలు, కాగితం మీద రాసుకోండి. తర్వాత రీబూట్.

ఈసారి నీలం తెర దగ్గర కుర్చీలోంచి లేవకండి. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే దానంతటదే ముందుకెళ్లిపోతుంది, కథ మళ్లీ మొదటికి. మెనూలో బాణం గుర్తుతో కిందికి వచ్చి 'ఎన్‌రోల్ మోక్' (మోక్ అంటే ఇందాకటి తాళంచెవే), తర్వాత 'కంటిన్యూ', తర్వాత 'యస్'. కాగితం మీది పాస్‌వర్డ్ కొట్టి 'రీబూట్' ఇవ్వండి.

బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేసినా పని జరుగుతుంది, చాలామంది అదే చేస్తారు. కానీ మీ విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే ఏర్పాటు) ఉంటే అది రికవరీ కీ అడిగి కూర్చోవచ్చు. పెళ్లి సీజన్‌లో ఆ టెన్షన్ మీకెందుకు?

డెస్క్‌టాప్ వచ్చాక టెర్మినల్‌లో 'ఎన్విడియా-ఎస్ఎంఐ' కొట్టి చూడండి. కార్డు పేరు కనిపిస్తే డ్రైవర్ ఎక్కినట్టే. ఇకమీదట కెర్నెల్ అప్‌డేట్ వచ్చినా అదే తాళంచెవితో సంతకం పడుతుంది, కాబట్టి ప్రతిసారీ ఈ తంతు ఉండదు.