నాన్నకి పీడీ పెట్టిస్తే ఇన్ఫెక్షన్ వస్తుందా?

మీ నాన్నగారికి డాక్టరు పీడీ (పెరిటోనియల్ డయాలిసిస్, అంటే కడుపులోకి ట్యూబుతో ద్రవం ఎక్కించి, తీసి రక్తం శుభ్రం చేయడం) చెప్తే, చుట్టాలంతా ఇన్ఫెక్షన్ వచ్చి పోతారని భయపెడుతున్నారని రాశారు కదండీ. మా అమ్మకి షుగర్ వల్ల కిడ్నీలు పోయాక కొన్నేళ్లు ఇంట్లోనే సీఏపీడీ (మెషీన్ లేకుండా చేత్తో బ్యాగులు మార్చే పీడీ) చేశాం, రోజుకి నాలుగుసార్లు రెండు లీటర్ల బ్యాగు.

భయం ఉత్తిదేం కాదు, అమ్మకీ పెరిటోనైటిస్ (కడుపు లోపలి పొరకి ఇన్ఫెక్షన్) వచ్చింది. పొద్దున డ్రెయిన్ బ్యాగు (కడుపులోంచి బయటికొచ్చిన నీళ్లది) చూస్తే బియ్యం కడిగిన నీళ్లలా ఉంది, కడుపునొప్పి, జ్వరం మాత్రం లేదు. జ్వరం వచ్చాక చూద్దాంలే అనుకోకూడదు, ఆ బ్యాగు పారబోయకుండా అదే రోజు పట్టుకెళ్లాలి, అందులో తెల్లకణాలు మైక్రోలీటరుకి 100 దాటి సగానికి పైన న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే ఒక రకం తెల్లకణాలు) ఉంటే దాదాపు అదే. యాంటీబయాటిక్ బ్యాగులోనే కలిపి కడుపులోకి ఎక్కిస్తారు, రెండు మూడు వారాలు. ఎక్కువమందికి తగ్గిపోతుంది, అమ్మకీ తగ్గింది. మందు మొదలెట్టి ఐదు రోజులైనా నీళ్లు తేటపడకపోతే క్యాథెటర్ (కడుపులో పెట్టిన ట్యూబు) తీసేసి హీమోకి (మెషీన్‌తో రక్తం శుభ్రం చేసే డయాలిసిస్‌కి) మారుస్తారు, ఫంగస్ అని తేలితే అంత కూడా ఆగరు.

చేతులు కడుక్కోవడం, మాస్క్, ఫ్యాన్ ఆపడం ఇవన్నీ నర్సులు బాగానే నేర్పుతారు. మలబద్ధకం సంగతే ఎవరూ గట్టిగా చెప్పరు! విరేచనం కాకపోతే డ్రెయిన్ సరిగ్గా రాదు, ట్యూబు చెడిపోయిందేమో అని కంగారుపడతాం, చాలాసార్లు లాక్టులోజ్ అనే విరేచనం మందుతోనే దారికొస్తుంది.

ఇంకోటి తిండి. హీమో వాళ్ల పథ్యం ఈయనకి అంటగట్టకండి. బ్యాగు నీళ్లతో రోజూ 5 నుంచి 10 గ్రాముల దాకా ప్రోటీన్ పోతుంది, గుడ్లు చేపలు లేకపోతే మనిషి మెల్లగా చిక్కిపోతాడు, నన్నడిగితే ఇన్ఫెక్షన్ కంటే ఇదే ఎక్కువ దెబ్బ తీస్తుంది ఎందుకంటే కళ్లకి కనపడదు. పొటాషియం కూడా కొందరికి తగ్గిపోతుంది, అమ్మకైతే డాక్టరే అరటిపండు తినమన్నారు, మా పిన్ని నమ్మలేదు. ఉప్పు మాత్రం తగ్గించాల్సిందే, ఆవకాయతో సహా. కాళ్లు వాస్తే 2.5, 4.25 శాతం గాఢత ఉన్న బ్యాగులు వాడమంటారు, అవి నీటిని బాగా లాగుతాయి గానీ అందులో ఉన్నది గ్లూకోజే కదా, షుగర్ పేషెంటుకి ఇన్సులిన్ డోసు పెరుగుతుంది.

యూరిన్ ఇంకా వస్తోందా? వస్తుంటే దాన్ని కాపాడుకోండి, ఒళ్లునొప్పులకి మెడికల్ షాపు బిళ్లలు అస్సలు వద్దు. పాత హెర్నియా, కడుపు ఆపరేషన్లు ఏమైనా ఉంటే క్యాథెటర్ వేయకముందే డాక్టరుకి చెప్పండి, హెర్నియా ఉంటే సాధారణంగా ముందు దాన్ని సరిచేస్తారు.