రేకుల గదికి థర్మాకోలా, గ్లాస్ వూలా అని అడిగారు కదా, ముందు మెట్లెక్కి రేకు పైకి చూడండి

మేడ మీద రేకుల గదిని మీ అబ్బాయి చదువుకోడానికి ఇచ్చారని, లోపల థర్మాకోల్ వేయించాలా, గ్లాస్ వూల్ (గాజు పీచుతో చేసిన దూదిలాంటి పరుపు) వేయించాలా, లేక రేకులు తీసేసి పఫ్ ప్యానెలే (రెండు రేకుల మధ్య గట్టి నురుగు నింపిన పలక) వేయించాలా అని అడిగారు. ఈ మూడింటి గురించీ నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. ఎందుకంటే గుంటూరులో పందొమ్మిదేళ్ళు మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాశాను. బయట మే నెల ఎండ మాడ్చేస్తుంటే లోపల స్వెట్టరు వేసుకుని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టినవాణ్ణి. గోడకి వేడి తారు పూసి, థర్మాకోల్ పలకలు అంటించి, కోళ్ళ జాలీ కొట్టి, దాని మీద సిమెంటు పూత పూయడం కళ్ళారా చూశాను. అందుకే మా మేడ మీద గది దగ్గరికి వచ్చేసరికి ఎవరినీ అడగలేదు. అదే నేను చేసిన తప్పు.

2021లో మావాడికి ఉద్యోగం ఇంటి నుంచే. కింద రెండు గదుల్లో అందరం ఉంటే వాడు ఫోను మాట్లాడటం కుదరక, పైన సిమెంటు రేకుల గదిలోకి మారాడు. ఏప్రిల్ రెండో వారానికే వాడి మొహం కమిలిపోయింది. నేను రెండంగుళాల థర్మాకోల్ పలకలు తెచ్చి, చెప్పుల షాపుల్లో వాడతారే, ఆ పసుప్పచ్చ జిగురుతో రేకులకి అడుగున అంటించేశాను. ఒక్కరోజులో పని అయిపోయింది. మా ఆవిడ “బాగానే ఉందండీ” అంది. ఆ మాట ఆవిడ నోటి నుంచి రావడం అరుదు కాబట్టి నాకు ఇంకా గర్వం వచ్చింది.

రోహిణి కార్తె వచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకి పైనుంచి ఫట్‌మని చప్పుడు, వెంటనే ఇంకోటి. వెళ్ళి చూస్తే పలకలు నాలుగు కింద పడున్నాయి, ఒకటి వాడి కంప్యూటరు మీద వాలి ఉంది. తిరగేసి చూస్తే ఏముంది, జిగురు రాసిన చోటల్లా థర్మాకోల్ కరిగి చెదలు తిన్నట్టు గుంటలు. ఆ జిగురులో ఉండే ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుందట. మిగిలిన కాస్త జిగురూ వేడికి మెత్తబడి వదిలేసింది. పంతొమ్మిదేళ్ళలో తారు ఎందుకు పూస్తున్నారని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

అంతటితో అయిపోతే బాగుండేది. ఫ్యాను ఆన్‌లోనే ఉంది, తలుపు తీసే ఉంది. విరిగిన పలకల్లోంచి తెల్ల గింజలన్నీ ఎగిరి బయట డాబా మీద పడ్డాయి. అక్కడ మా అత్తగారు మాగాయకి తరిగిన ముక్కలు చీర పరిచి ఎండబెట్టారు. తడి ముక్కలకి ఆ గింజలు అంటుకుంటే ఇక వదులుతాయా? ఆవిడ సాయంత్రం దాకా పీట వేసుకుని గోటితో ఒక్కొక్కటే తీస్తూ కూర్చున్నారు. చివరికి నాలిక మీద ఒకటి పెట్టుకుని చూసి, “అల్లుడుగారూ, ఇది ఉప్పో మీ థర్మాకోలో తెలియడం లేదు” అన్నారు. ఆ ఏడు మాగాయ జాడీ మూత తీసినప్పుడల్లా నాకు ఆ మాట వినపడేది.

తర్వాత మా ఏసీ మెకానిక్ వచ్చాడు. కరోనా కాలంలో నుదుటికి పెట్టి చూసే థర్మామీటరు నా దగ్గర ఉంటే రేకు వైపు పెట్టి నొక్కాను. అది ఎర్రగా మారి కీచుమంది, అంకె చూపించలేదు. అది మనుషుల జ్వరం దాకానే చూపిస్తుందని నవ్వి, అతను తన సంచిలోంచి వేరేది తీశాడు. రేకు అడుగు భాగం 61 డిగ్రీలు. “పైన కొట్టే ఎండని వదిలేసి కింద ఆపుతానంటారేంటి సార్” అన్నాడు. పందొమ్మిదేళ్ళ నా అనుభవానికి అతను ఒక్క ముక్కలో జవాబు చెప్పేశాడు.

మరుసటి వారం రేకుల మీద సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించాను. అదే వేళకి అదే చోట కొలిస్తే 46. పైకెక్కే మనిషి రేకు మీద కాలు పెట్టకుండా బొంగుల మీద పలక వేసుకోవాలి, సిమెంటు రేకు మనిషి బరువుకి పుటుక్కున విరుగుతుంది. మీది ఇనప రేకైతే సున్నం వద్దు, జింకు పూత పోతుంది. ఎండని వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా. ఇళ్ళలో 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి అన్నారు. 600 గజాల్లో ఇల్లు కట్టుకున్నవాడు రేకుల కింద ఎందుకు పడుకుంటాడండీ? వేడికి మాడేది యాభై గజాలవాడు.

మా పెద్దక్కని కర్నూలు వైపు ఇచ్చారు. వాళ్ళది చవుడు మట్టి మిద్దె. మధ్యాహ్నం అందులో పడుకుంటే దుప్పటి అడిగేవాణ్ణి. ఇప్పుడది కొట్టేసి స్లాబు వేశారు, ఏసీ పెట్టారు, కరెంటు బిల్లు గురించి నాకే ఫోను చేస్తారు. పోనీ స్లాబు నయమా అంటే, అది పగలంతా వేడి తాగి అర్ధరాత్రి దాకా కక్కుతుంది. రేకు పలచన కాబట్టి పొద్దుగూకిన గంటకే చల్లారిపోతుంది. మా ఇంట్లో రాత్రి తొమ్మిదికి పై గదే హాయి, అందరం అక్కడే చేరేవాళ్ళం.

ఇక మీరు అడిగిన దానికి వస్తాను. పైన తెలుపు చేశాక కూడా లోపల ఏదో ఒకటి కావాలి, అది నిజమే. నేనైతే రాక్ వూల్ అంటాను, రాతిని కరిగించి తీసిన పీచుతో చేసే పరుపు, రెండంగుళాలది. కింద జిప్సం సీలింగు, దాని మీద రాక్ వూల్, రేకుకీ దానికీ మధ్య జానెడు ఖాళీ. ఆ ఖాళీలోని వేడిగాలి పోవడానికి ఎదురెదురు గోడల్లో రెండు జాలీలు పెట్టండి, లేకపోతే అటకలో కుంపటి పెట్టినట్టే. గ్లాస్ వూల్ కూడా పనిచేస్తుంది, కానీ వేసేటప్పుడు ఒళ్ళంతా దురద, వాన కారి తడిస్తే ముద్దయి వేలాడుతుంది. థర్మాకోల్ అంటుకుంటే నల్లటి పొగతో భగ్గుమంటుంది, పైన కరెంటు వైర్లున్న చోట నేను పెట్టను. ఎలుకలకి, చీమలకి కూడా అదంటే మహా ఇష్టం. వెండి రంగు బబుల్ షీటు అమ్మేవాళ్ళు దాన్ని రేకుకి అతికించి డబ్బులు తీసుకుపోతున్నారు. దానికి ముందు గాలి ఖాళీ లేకపోతే అది ఒట్టి వెండి కాగితమే.

పఫ్ ప్యానెల్ నిజంగా మంచిది, ఎలాగూ రేకులు మార్చేవాళ్ళయితే అదే వేయించండి. పాతవి ఆస్బెస్టాస్ సిమెంటు రేకులైతే మాత్రం పగలగొట్టొద్దు, డ్రిల్లు పెట్టొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి, బోల్టులు విప్పి రేకుకి రేకు విరగకుండా దింపమనండి. నేను సీలింగు ఫ్రేము కూడా రేకులకి కాకుండా గోడలకే బిగించాను.

ఇంత చేశాక నడి మధ్యాహ్నం మా గదిలో బయట చెట్టు నీడలో ఉన్నంత వేడి ఉంటుంది. అంతకంటే చల్లగా ఉంటుందని ఎవరైనా చెబితే మీకేదో అమ్మబోతున్నట్టే లెక్క. గది ఎత్తు ఎంతో మీరు చెప్పలేదు. రేకు అంచు దగ్గర ఎనిమిది అడుగుల లోపైతే సీలింగు జోలికి పోకండి, ఫ్యాను తలకి తగులుతుంది. రేకు మీద రెండడుగుల ఎత్తున నీడకి కట్టే పచ్చ నెట్టు కట్టించి, పైన తెలుపుతో సరిపెట్టేయండి.