చెట్టు బరువు ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లలకు ముందు ఈ ప్రశ్న వేయండి

‘ఆకే మొక్కకు వంటగది అని ఎనిమిదేళ్ల మా అబ్బాయికి చెప్పాను. మరి పొయ్యి ఎక్కడుందని అడిగాడు. మొక్కలు తమ ఆహారం తామే ఎలా తయారు చేసుకుంటాయో పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?’ అన్నది మీ ప్రశ్న. చిన్న క్లాసులకు సైన్సు చెప్పే టీచర్ని కాబట్టి, పిల్లల దగ్గర పనిచేసిన పద్ధతే రాస్తున్నాను.

మీ అబ్బాయిది తిక్క ప్రశ్న కాదండీ. ఆ పోలికలోనే ఇబ్బంది ఉంది. వంట అంటే అప్పటికే ఉన్న తిండిని ఉడికించడం. మొక్క దగ్గర ముందసలు తిండే లేదు. ఉన్నవల్లా నీళ్లు, గాలి. ఆ రెండూ ఎంత తీసుకున్నా మన కడుపు నిండదు. అలాంటి వాటిలోంచి చక్కెర పుడుతోంది. అసలు వింత అది. వంటగది అనగానే ఆ వింత కాస్తా మరుగున పడిపోతుంది. పిల్లలు ఆకుకు కళ్లూ ముక్కూ పెట్టి, చేతికి గరిటె ఇచ్చి ముచ్చటగా బొమ్మ వేస్తారు. మర్నాడు ‘అంత పెద్ద మాను దేంతో తయారైంది?’ అని అడిగి చూడండి, క్లాసంతా ఒకే గొంతుతో ‘మట్టితో’ అంటుంది. పెద్దవాళ్లను అడిగినా చాలామంది అదే అంటారు.

అందుకే నేను ఆకుతో మొదలుపెట్టను, చెట్టు బరువుతో మొదలుపెడతాను. దానికి వాన్ హెల్మాంట్ కథ చక్కగా సరిపోతుంది. ఇప్పటి బెల్జియం ప్రాంతంలో 17వ శతాబ్దపు మనిషి ఆయన. బాగా ఎండబెట్టిన మట్టిని 200 పౌండ్లు, అంటే సుమారు 90 కిలోలు, తూచి ఒక తొట్టిలో పోశాడు. అందులో 5 పౌండ్ల విల్లో మొక్క నాటాడు. బయటి దుమ్ము పడకుండా తొట్టి మీద చిల్లుల రేకు కప్పాడు. అయిదేళ్లపాటు నీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. తర్వాత చెట్టును పీకి తూస్తే సుమారు 169 పౌండ్లు తూగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు. అరవై గ్రాములు కూడా లేదు! ఈ సంగతంతా ఆయన పోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఉంది.

కథ చెప్పి అక్కడ ఆగిపోండి. జవాబు మీరు చెప్పొద్దు. ‘మట్టి తగ్గలేదు, చెట్టు మాత్రం పెరిగింది. మరి ఆ బరువంతా ఎక్కడిది?’ అని మాత్రం అడగండి. కాటా తప్పయి ఉంటుందని ఒకడు అంటాడు. ఎవరో రాత్రిపూట ఎరువు వేసి ఉంటారని ఇంకొకడు. చాలామంది నీళ్ల దగ్గరికి వస్తారు. హెల్మాంట్ కూడా అదే అన్నాడని చెబితే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. అప్పుడు అసలు చిక్కు ముందు పెట్టాలి. బాగా ఎండిన కట్టెలో దాదాపు సగం బరువు కార్బన్‌ది. కట్టెను సరిగ్గా కాలనివ్వకపోతే మిగిలే నల్లటి బొగ్గు చాలావరకు అదే. మరి నీళ్లలో కార్బన్ లేదు కదా? కాసేపటికి ఎవరో ఒకరు ‘గాలా టీచర్?’ అంటారు, తమకే నమ్మకం లేనట్టు. తమాషా ఏమిటంటే, బొగ్గు కాలినప్పుడు వచ్చే వాయువు మామూలు గాలి కాదని గమనించినవాడూ ఈ హెల్మాంటే. చెట్టు పెరిగింది ఆ వాయువుతోనేనని మాత్రం ఆయనకు తట్టలేదు.

గాలి అనగానే పిల్లలు ఎదురు తిరుగుతారు, గాలికి బరువెక్కడిదని. నోటితో వాదించే బదులు చూపించడం మేలు. గాలి తగ్గిన ఫుట్‌బాల్‌ను చిన్న డిజిటల్ కాటా మీద పెట్టి అంకె రాసుకోమనండి. గట్టిగా గాలి కొట్టి మళ్లీ తూచండి. కొద్ది గ్రాములు పెరుగుతుంది. బెలూన్‌తో చేయకండి, చుట్టూ ఉన్న గాలి దాన్ని పైకి తేలుస్తూ ఉంటుంది కాబట్టి తేడా సరిగ్గా తెలియదు. బంతిలో అయితే గాలిని కుక్కుతాం.

ఇంత అయ్యాక అసలు విషయం నాలుగు వాక్యాల్లో ఇమిడిపోతుంది. మొక్క వేళ్లతో నీళ్లు లాక్కుంటుంది. ఆకుకు ఉండే కంటికి కనిపించని సన్నటి రంధ్రాల గుండా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళుతుంది. ఆకులోని పచ్చరంగు, అంటే పత్రహరితం, వెలుతురును పట్టుకుంటుంది. ఆ వెలుతురు బలంతో మొక్క నీటిని విడగొట్టి, అందులోంచి వచ్చిన హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌కు చేర్చి చక్కెర చేసుకుంటుంది, మిగిలిన ఆక్సిజన్‌ను బయటికి వదిలేస్తుంది. హైడ్రోజన్ అన్న మాట చిన్నవాళ్లకు అక్కర్లేదు, ‘నీటిని విడగొట్టి ఆ వాయువుతో కలిపి’ అంటే చాలు. మీవాడు అడిగిన పొయ్యికి జవాబూ ఇక్కడే ఉంది. పొయ్యి లేదు నాన్నా, దీన్ని నడిపించేది వేడి కాదు, వెలుతురు అని చెప్పండి. వెచ్చటి చీకటి గదిలో పెట్టిన మొక్క చక్కెర చేసుకోలేదు. తగినంత వెలుగిచ్చే చల్లటి ఎల్‌ఈడీ దీపం కింద చేసుకుంటుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ చాలా తక్కువ, 0.04 శాతం. శాతాలు రాని వయసైతే, పదివేల గ్లాసుల గాలిలో నాలుగు గ్లాసులు అనండి. ఆకులు అన్నేసి ఎందుకు, అంత వెడల్పుగా, పల్చగా ఎందుకు అనేది అప్పుడు వాళ్లే ఊహిస్తారు.

ఇక చూపించడం. ఆన్‌లైన్‌లో ఒక వీడియో తెగ తిరుగుతూ ఉంటుంది: తెంపిన ఆకును గాజు గిన్నెలో నీళ్లలో ముంచి ఎండలో పెట్టడం, కాసేపటికి ఆకు మీద బుడగలు రాగానే ‘చూశారా, ఆక్సిజన్’ అనడం. నాకు అది నచ్చదు. నీళ్లు వేడెక్కుతుంటే అందులో కరిగి ఉన్న గాలి బుడగలై గరుకుగా ఉన్న ప్రతిదాన్నీ పట్టుకుంటుంది. పక్కనే ఒక గులకరాయి వేసి చూడండి, దాని మీదా బుడగలు వస్తాయి. రాయి కూడా ఆహారం తయారు చేసుకుంటోందా అని పిల్లలు అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. దీనికంటే అక్వేరియంలో వేసే హైడ్రిల్లా లాంటి నీటి మొక్క నయం. ఒక కాడను తెంపి, తెగిన కొస పైకి ఉండేలా పొడవాటి గ్లాసులో ముంచి, చిటికెడు వంటసోడా కలపండి, మొక్కకు కావలసిన కార్బన్ అందులోంచి దొరుకుతుంది. బాగా వెలుతురులో పెడితే తెగిన కొస నుంచి బుడగలు ఒకదాని వెనక ఒకటి వరుసగా లేస్తాయి. గ్లాసుకు అట్ట అడ్డం పెట్టండి, వరుస పల్చబడుతుంది. అట్ట తీయండి, మళ్లీ జోరందుకుంటుంది. ఇక ఆ అట్ట పిల్లల చేతికే ఇచ్చేయండి. మనం మాట్లాడాల్సిన పని ఉండదు. మొక్క ఆక్సిజన్ వదలడానికి వెలుతురు కావాలని 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ అనే శాస్త్రవేత్త తేల్చుకున్నదీ ఇలా నీళ్లలో లేచే బుడగలను చూసే.

కాస్త పెద్దపిల్లలుంటే అయోడిన్ పరీక్ష తప్పకుండా చేయండి. దీనికి కొంచెం ఓపిక కావాలి. కుండీలోని మొక్కను రెండు రోజులు చీకట్లో ఉంచాలి, ఆకుల్లో దాచుకున్న పిండిపదార్థం అయిపోవడానికి. మందారం లాంటి పల్చటి ఆకులైతే మంచిది, మందంగా మైనం పూసినట్టుండే ఆకులతో తంటాలు పడాలి. నల్ల కాగితం ముక్కలో పిల్లల పేరులోని ఒక అక్షరాన్ని కత్తిరించి, ఆ కాగితాన్ని ఆకుకు క్లిప్పుతో బిగించండి. వెనకవైపూ ఒక నల్ల కాగితం పెట్టండి. పగలంతా ఎండలో ఉంచి సాయంత్రం ఆకు తెంపండి. పొద్దున్నే తెంపితే లాభం లేదు, రాత్రంతా మొక్క ఆ పిండిని వాడేసుకుని ఉంటుంది.

ఇక్కడి నుంచి పని పెద్దవాళ్లదే. ఆకును మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీయాలి. తర్వాత స్టవ్ ఆపేసి, ఆ వేడినీళ్ల గిన్నెలో స్పిరిట్ పోసిన చిన్న గ్లాసును నిలబెట్టి, ఆకును అందులో వేయాలి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో మంట అన్నదే ఉండకూడదు. మెల్లగా స్పిరిట్ ఆకుపచ్చగా మారి, ఆకు పాలిపోతుంది. అప్పటికది అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది, గోరువెచ్చటి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. తెల్లటి పళ్లెంలో పరిచి అయోడిన్ చుక్కలు వేయమని పిల్లలకు ఇవ్వండి. ముందు ఆకంతా గోధుమరంగు అవుతుంది. తర్వాత ఎండ తగిలిన చోటల్లా నల్లబడుతూ వస్తుంది, కాగితం కింద దాగిన భాగం అలాగే గోధుమరంగులో ఉండిపోతుంది. మధ్యలో నల్లగా ఆ అక్షరం. తయారైన చక్కెరను మొక్క పిండిగా మార్చి దాచుకుంటుందని, ఆ పిండికి అయోడిన్ తగిలితే నలుపెక్కుతుందని అప్పుడు చెబితే ఇక మర్చిపోరు.

తర్వాత ప్రశ్నల వాన మొదలవుతుంది. మరి ఎరువు ఎందుకు వేస్తారనేది మొదటిది. మట్టి నుంచి మొక్క తీసుకునే నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం లాంటివి కొంచెమే, కానీ అవి లేకపోతే పని జరగదు. పత్రహరితం నట్టనడుమ ఉండేది మెగ్నీషియమే. అవి బలాన్నిచ్చే తిండి మాత్రం కాదు. కట్టె మొత్తం కాలిపోయాక మిగిలే చారెడు బూడిద చూపించి, మట్టి నుంచి వచ్చింది ఇంతేనని చెప్పండి. ఎర్రటి ఆకుల మొక్కల సంగతేమిటంటే, వాటిలోనూ పత్రహరితం ఉంటుంది, ఎరుపు దాన్ని కప్పేస్తుంది. పురుగుల్ని పట్టే మొక్కలు ఆకలికి తినడం లేదు. అవి పెరిగే నేలలో నత్రజని తక్కువ, దానికోసం ఆ వేట. చక్కెర వాటికీ ఎండలోనే తయారవుతుంది. కస్కుటా అనే పసుపు తీగకు మాత్రం ఇదంతా దాదాపు చేతకాదు. అది పక్క మొక్క కాండంలోకి దిగి అక్కడి చక్కెరను పీల్చుకుని బతుకుతుంది. పిల్లలకు దీని మీద భలే కోపం వస్తుంది.

కిరణజన్య సంయోగక్రియ అన్న పేరు చివర్లో చెప్పండి, సమీకరణం జోలికి ఈ వయసులో పోవద్దు. చివరికి ఎవరో ఒకరు రాత్రి గురించి అడుగుతారు. రాత్రి మొక్క ఆహారం తయారు చేసుకోదు, పగలు దాచుకున్నది వాడుకుంటుంది. మనలాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పగలూ ఆ పని చేస్తూనే ఉంటుంది, కాకపోతే మంచి వెలుతురులో వదిలే ఆక్సిజన్ చాలా ఎక్కువ కాబట్టి పైకి తెలియదు. ఇది వినగానే పడగ్గదిలో ఉన్న కుండీ గురించి కొందరికి టెన్షన్ పట్టుకుంటుంది. ఆ మొక్క రాత్రంతా వాడే ఆక్సిజన్ కంటే పక్కన పడుకున్న తమ్ముడు వాడేదే ఎన్నో రెట్లు ఎక్కువని చెప్పండి, కుండీ ఎక్కడున్నది అక్కడే ఉండొచ్చు.