పలాస జీడిపప్పు షాపు మెయిల్ అడ్రస్ సమస్య
ఫోన్‌లో అడ్రస్ చెప్పినా ఆర్డర్ మెయిల్స్ రావట్లేదన్నారు కదా, తేడా స్పెల్లింగ్‌లోనే ఉండుంటుంది. ‘జీడి’ని ఒకరు రెండు ‘ఈ’లతో కొడతారు, ఇంకొకరు ఒక్క ‘ఐ’తో. పైగా మధ్యలో గీత పెట్టారు, అదింకో తలనొప్పి.

1. మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు (డొమైన్) కొత్తది తీసుకోండి. దానికి గీతలు, అంకెలు లేని పొట్టి పేరు అనుకోండి. కాశీబుగ్గలో తెలిసినవాళ్లకి ఫోన్లో ఒక్కసారే చెప్పి టైప్ చేయమనండి. తప్పు కొడితే ఆ పేరు వద్దు.

2. డాట్ ఇన్, డాట్ కామ్ రెండూ దొరికితే రెండూ తీసుకోండి.

3. అందరూ వదిలేసేది ఇదే. డొమైన్ మీ పేరు మీద, మీ సొంత జీమెయిల్‌తో కొనాలి. సైటు చేసే కుర్రాడి అకౌంట్‌లో అస్సలు వద్దు. నాకదే అయింది: రెన్యువల్ నోటీసు అతనికెళ్లింది, నాకు తెలిసేసరికి సైటు ఆగిపోయింది. కొత్త డొమైన్‌తో చేసుకున్న మెయిల్ అడ్రస్ కూడా ఆ డొమైన్ కొనే అకౌంట్‌కి ఇవ్వకండి. గడువు దాటితే ఆ మెయిలూ ఆగిపోతుంది, పాస్‌వర్డ్ మార్చుకోవడానికీ దారుండదు.

4. పాత అడ్రస్‌కి వచ్చేవి ఏడాదిపాటు కొత్తదానికి ఫార్వర్డ్ పెట్టండి.